దీనమ్మ జ్ఞాపకార్థం

మా అత్తగారిని నేను చూడలేదు, విన్నాను. నేను కాపురానికి వచ్చేనాటికే ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆదివారం ఆరాధన మధ్యలో కరెంటు పోయిందంటే మాత్రం చర్చి వెనకనుంచి ఆవిడ పేరు పెట్టుకున్న డీజిల్ జనరేటర్ గర్రుమంటూ లేచేది. దాని పచ్చటి రేకు మీద తెల్లరంగుతో ‘ప్రభువునందు నిద్రించిన దీనమ్మ జ్ఞాపకార్థం’ అని రాసి ఉండేది. అత్తగారి గురించి నాకు తెలిసిందల్లా ఆ నాలుగు మాటలే. మా ఆయనను అడిగితే "మంచి మనిషి" అని ఊరుకునేవాడు. కన్నకొడుకు చెప్పాల్సిన మాటా అది! మామను అడిగే ధైర్యం నాకు లేదు. ఆయన ఆ యంత్రంతో తప్ప ఎవరితోనూ ఎక్కువగా మాట్లాడేవాడు కాదు.

మా మామ పేరు జీవరత్నం. నంద్యాల దగ్గరి పల్లెనుంచి వచ్చి బెంగళూరు పీణ్యలో ఒక వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు లేతు మిషన్ మీద పనిచేశాడు. మా తెలుగు చర్చి కూడా అలా పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు కట్టుకున్నదే. పని మానుకున్నప్పుడు చేతికి వచ్చినదాంట్లో సగం పోసి ఆ జనరేటర్ కొని, భార్య పేరుమీద చర్చికి ఇచ్చాడు. ఇచ్చాడన్నమాటే గానీ ఇంకొకరిని దానిమీద చెయ్యి వేయనిచ్చేవాడు కాదు. డీజిల్ ఆయనే పోయాలి, గుడ్డ పెట్టి ఆయనే తుడవాలి, హ్యాండిల్ ఆయనే తిప్పాలి. కరెంటు పోగానే సంఘమంతా తలలు తిప్పి ఆయన వైపు చూసేది. ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకుని, పెళ్ళికొడుకులా నిదానంగా లేచి వెళ్ళేవాడు.

రెండువేల ఒకటిలో వానలు మొహం చాటేశాయి. దసరా దాటేసరికి కరెంటు ఎప్పుడు పోతుందని ఎవరూ అడగడం లేదు, ఎప్పుడు వస్తుందనే అడుగుతున్నారు. పైగా వార్డు ఎన్నికలు దగ్గర పడ్డాయి. మా కోత పండుగ కూడా దగ్గర పడింది. క్వాయర్ పిల్లల సాధన, స్త్రీల కూడిక, ఉపవాస ప్రార్థన, కమిటీ మీటింగు, ఇలా చర్చిలో దీపం వెలగని పూట లేదు. జనరేటర్‌కు ఊపిరి తీసుకునే తీరిక లేకుండా పోయింది.

చర్చి వెనక గోడకు అవతల సుబ్బలక్ష్మమ్మ ఇల్లు. ఫ్యాక్టరీలు రాకముందునుంచీ అక్కడే ఉన్న తెలుగు కుటుంబం వాళ్ళది. పొలాలు పోయాక ఆవిడకు ఒక ఇల్లు, రెండు ఆవులు, వీధి నిండా చుట్టాలు మిగిలారు. నేను పాలకు రోజూ ఆవిడ ఇంటికే వెళ్ళేదాన్ని. కూతురు మునిలక్ష్మి దేవనహళ్ళి నుంచి పురిటికి వచ్చి, ఆడపిల్లను కని, అక్కడే ఉంది.

ఒక బుధవారం మధ్యాహ్నం కూడిక ఎగ్గొట్టి మరీ బిడ్డను చూడ్డానికి వెళ్ళాను. బాలింత గది కిటికీ సరిగ్గా చర్చి గోడ వైపు ఉంది. బిడ్డ నా చిటికెన వేలు పట్టుకుని వదలడం లేదు. ఇంతలో కరెంటు పోయింది. గోడ అవతల పాట ఆగింది. మునిలక్ష్మి ఏదో చెబుతూ చెబుతూనే లేచి, కిటికీ రెక్కలు మూసి, సందుల్లో పాత చీర కుక్కి, మళ్ళీ వచ్చి కూర్చుని మాట కొనసాగించింది. జనరేటర్ లేచింది. కాసేపటికి గది నిండా డీజిల్ వాసన. చీర ఆపిందేమీ లేదు. బిడ్డ మొహం ఎర్రబడింది, దగ్గడం మొదలుపెట్టింది. అంత పసికందు దగ్గు నేను అంతకుముందు వినలేదు. పిల్లి తుమ్మినట్టు చిన్నగా ఉంటుంది. ముందు నవ్వొస్తుంది, అది ఆగకపోతే భయమేస్తుంది.

"ఎప్పట్నుంచి పెద్దమ్మా ఇట్లా?" అన్నాను.

"పుట్టినప్పట్నుంచీ ఇంతేనమ్మా. పొగ తగలనియ్యొద్దు అన్న్యాడు డాక్టరు. నేను కట్టెల పొయ్యి కూడా ఆపేసినా. బాణంతికి నీళ్ళు గ్యాసు మీదనే కాగబెడతాండా. మా పొయ్యి ఆపుకుంటిమి, గోడ అవతల పొయ్యిని ఏం చేసేది?" అంది సుబ్బలక్ష్మమ్మ.

"ముందు గదిలో పడుకోబెట్టలేకపోయారా?"

"అదీ చూస్తిమి. ఇల్లంతా పాకుతాది."

"ఒక్క మాట మాతో అని ఉంటే ఏమయ్యేది?"

ఆవిడ బిడ్డ వీపు నిమిరింది. "ఎట్ల అనేదమ్మా? దానిమీద దీనక్క పేరుండాది. అది ఆపు అంటే దీనక్కను ఆపమన్నట్ల అయితాది. జీవన్న బేజారు చేసుకుంటాడు. దానికే నోరు మూసుకుని సుమ్నే ఉండిపోయినా."

మా ఆయన సుందరరాజు బ్యాంకులో ఉద్యోగి, చర్చి కమిటీకి సెక్రటరీ. రెండుచోట్లా ఎవరినీ నొప్పించకుండా రోజు గడపడమే తన పని అనుకునేవాడు. ఆ సాయంత్రం కాఫీ చేతికిచ్చి సంగతంతా చెప్పాను.

"చూద్దాం గీతా. కోత పండుగ కానీ."

"అంతవరకు ఊపిరి బిగబట్టుకోమని ఆ బిడ్డకు చెప్పి రానా?"

"అది కాదు. ఎటూ ఆ జనరేటర్ మారిపోతోంది. మునీంద్ర కొత్తది ఇస్తానన్నాడు. దీనికి రెండింతలుంటుందట. పండుగనాడు వచ్చి అందరి ముందూ చెబుతాడట."

"ఎక్కడ పెడతారు దాన్ని?"

"అక్కడే. ఇంకెక్కడ చోటుంది?"

నిజమే, చోటు లేదు. ముందు రోడ్డు, ఒక పక్క చిన్నపిల్లల బడి, ఇంకో పక్క టైలరు ఇల్లు. పొగగొట్టం ఎటు తిప్పినా ఎవరిదో ఒకరి కిటికీయే.

మునీంద్ర వార్డుకు పోటీ చేస్తున్న మనిషి. బస్టాపు బెంచీల మీద, నీళ్ళ ట్యాంకర్ల మీద, గుడి గంట మీద ‘మునీంద్ర కొడుగె’ అని కనబడేది. కొడుగె అంటే కన్నడంలో కానుక. భజన మండలికి షామియానా, మసీదు ముందు కుళాయి, మాకు జనరేటర్. దేవుళ్ళ మధ్య తేడా చూపించని మనిషి, ఓటు ఓటుకూ అసలే చూపించేవాడు కాదు. మా ఆయనే ఆ ఎండాకాలంలో, చర్చి కప్పు మీద సోలార్ పలక ఒకటి పెట్టిస్తే మైకుకూ రెండు దీపాలకూ సరిపోతుందని కనుక్కొచ్చాడు. "కీబోర్డుకేది? ఫ్యాన్లకేది? మబ్బు పట్టిన ఆదివారం ప్రసంగం ఎగ్గొడదామా సార్?" అని కమిటీలో నవ్వారు. మా ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వేసి ఇంటికొచ్చాడు.

కొత్త జనరేటర్ సంగతి తెలిసిన రోజు మామ కంచం ముందునుంచి లేచిపోయాడు.

"పెద్దది వస్తే పాతదాన్ని ఏం చేస్తార్రా? పాత ఇనుము కొనేటోనికి వేస్తారా మీ యమ్మను?"

మా ఆయన కంచంలోకి చూస్తూ అన్నం కలిపాడు. నాకేమో రెండు భయాలు. ఆ పొగ ఆ బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతోందని చెబితే ఈ ముసలాయన తట్టుకుంటాడా అని ఒక భయం, చెప్పకపోతే రెండింతల పొగ వస్తుందని ఇంకో భయం. రెండు రోజులు కూరలో ఉప్పు మరిచాను. ఆ తర్వాత నా తీరులో నేను ఒక పని చేశాను.

"మామా, సుబ్బలక్ష్మమ్మ మనవరాలిని మీరింకా చూసిరాలేదట. పాపం ఆవిడ ఎన్నిసార్లు అడిగిందో" అన్నాను.

ఆవిడ ఒక్కసారీ అడగలేదు. ఆ అబద్ధానికి నేను ఈ రోజుదాకా పశ్చాత్తాపపడలేదు.

శనివారం సాయంత్రం బిస్కెట్ ప్యాకెట్టు ఒకటి పట్టుకుని నాతో వచ్చాడు. క్వాయర్ సాధన జరిగే వేళ చూసే తీసుకెళ్ళాను. సుబ్బలక్ష్మమ్మ కాఫీ కలిపి తెచ్చింది. బిడ్డను ఒళ్ళో పెట్టుకునేసరికి మామ మెత్తబడ్డాడు. లేతు మిషన్ మీద కాయలు కాచిన చేతులవి. వాటిమధ్య ఆ బిడ్డ హాయిగా కాళ్ళు తన్నుకుంటోంది. నేను మనసులో కరెంటు పోవాలని ప్రార్థించాను. అలాంటి ప్రార్థన చేసిన మనిషి ఆ ఏడు బెంగళూరులో నేనొక్కదాన్నే అయి ఉంటాను. అడిగినట్టే పోయింది.

"నేను పోవల్ల" అని మామ లేవబోయాడు. ఆయన లేచేలోపే గోడ అవతల జనరేటర్ లేచింది. మామ అక్కడ లేడని చూసి మా ఆయనే తిప్పినట్టున్నాడు.

"ఎవడు వాడు ముట్టుకునింది? నిదానంగా తిప్పకపోతే హ్యాండిల్ ఎదురు తంతాది, తెలుసునా వానికి?" అని మామ గోడవైపు చూసి కసిరాడు.

మునిలక్ష్మి ఎప్పటిలాగే లేచి కిటికీ మూసి చీర కుక్కింది. సుబ్బలక్ష్మమ్మ కంగారుపడి, "దుమ్ము పడతాదని అంతేనన్నా, వేరే ఏం లేదు" అంది. వాసన గదిలోకి రానే వచ్చింది. మామ ఒళ్ళోనే బిడ్డ దగ్గడం మొదలుపెట్టింది. ఆయన బిడ్డను ఎత్తి భుజాన వేసుకున్నాడు. ఎంత తట్టినా దగ్గు ఆగలేదు. పొగ సంగతి చెప్పడానికి వెళ్ళినదాన్నే అయినా, నేను బిస్కెట్ ప్యాకెట్టు విప్పుతూ కూర్చున్నాను.

"కాఫీ చల్లారిపోతాదన్నా" అంది సుబ్బలక్ష్మమ్మ.

మామ బిడ్డను తల్లి చేతికిచ్చి కాఫీ మొత్తం తాగాడు. గ్లాసు కింద పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్ళి, చీర కొంచెం లాగి మడత విప్పి చూశాడు. మడతల్లో మసి పేరుకుని ఉంది. దాన్ని వేళ్ళతో రుద్ది, మళ్ళీ మడిచి, సందు కనబడకుండా పైనుంచి కిందిదాకా తనే ఒత్తి ఒత్తి కుక్కాడు. ఏ పనైనా సగంలో వదిలే మనిషి కాడు. తర్వాత "వస్తామ్మా" అని బయటికి నడిచాడు.

నేరుగా చర్చి వెనక్కి వెళ్ళి పాట మధ్యలో జనరేటర్ ఆపేశాడు. మా ఆయన చీకట్లోంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది నాన్నా?"

"డీజిల్ అయిపోయింది."

పొద్దున్నే నిండా పోయడం నేను చూశాను. ఆ తర్వాత పండుగదాకా పీణ్య మొత్తంలో ఆయనకు డీజిల్ దొరకలేదు.

కోత పండుగ అంటే పల్లెల్లో తొలిపంట దేవుడి ముందు పెడతారు. పీణ్యలో మాకు చేలెక్కడివి? గుమ్మడికాయలు, టెంకాయలు, కోళ్ళు, ఇంట్లో చేసిన చక్కిలాలు తెచ్చి బల్లమీద పెట్టి, ఆరాధన అయ్యాక చర్చి ముందు వేలం వేస్తాం. కొన్నవాళ్ళు కాస్త ఉన్నవాళ్ళయితే "మళ్ళీ దేవునికే" అని తిరిగి ఇచ్చేస్తారు. ఇచ్చినదాన్ని మళ్ళీ వేలం వేయాలి, అది మా పద్ధతి. అలా ఒక్క గుమ్మడికాయ నాలుగు చేతులు మారి, చివరకు బిర్యానీ ధర పలికేది. ఏటా వేలం వేసేది మామే. మిషన్ల మధ్య అరిచి అరిచి గట్టిపడిన గొంతు ఆయనది. "ఒకటోసారి" అని ఉరిమి, "రెండోసారీ..." అని ఎవరో ఒకరు సిగ్గుపడి చెయ్యెత్తేదాకా సాగదీసేవాడు.

ఆ ఏడు మునీంద్ర దండ వేసుకుని ముందు కుర్చీలో కూర్చున్నాడు. సుబ్బలక్ష్మమ్మ ఏటా భోజనానికి వచ్చినట్టే కూతుర్నీ మనవరాలినీ వెంటబెట్టుకుని వచ్చి వెనక నిలబడింది. చీర సంగతి అప్పటికే మా ఆడవాళ్ళందరికీ తెలుసు. నా నోట్లో నువ్వుగింజ నానదు.

కోళ్ళు అయిపోయాయి, గుమ్మడికాయలు అయిపోయాయి. మామ వెనక్కి వెళ్ళి, క్వాయర్ కుర్రాళ్ళ చేత చక్రాల బండి మీద జనరేటర్‌ను తోయించుకుని వచ్చాడు. తళతళలాడేట్టు తుడిచి ఉంది. మా ఆయన నోరు తెరుచుకుపోయింది.

"ఇది ఏ చేన్లో పండింది తాతా?" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

"పీణ్యలో పండింది. ముప్పై ఏండ్లకు నాకు పండింది ఇది ఒకటే" అన్నాడు మామ. "దేవునికి ఇచ్చినా అనుకున్యా. ఇయ్యలేదు, నా దగ్గరనే పెట్టుకున్యా. ఈ పొద్దు ఇస్తాండా. పాడుకోండప్పా."

దానిమీది పేరు చూసి ఒక్కరూ పాట మొదలుపెట్టలేదు. మునీంద్ర లేచి, గుమ్మడికాయలూ కోళ్ళూ అన్నీ కలిపినా రానంత చెప్పాడు. చప్పట్లు మోగాయి. మామ మూడుసార్లూ పిలిచి ఇచ్చేశాడు. ఇంతలో పక్కవాడెవడో మా పద్ధతి గురించి మునీంద్ర చెవిలో ఊదాడు. ఆయన మొహం వెలిగిపోయింది. మైకు అందుకున్నాడు.

"ఇదీ దేవరికే వాపసు! కొత్తది కూడా వస్తాది. రెండూ ఇక్కడే ఉండనీ. ఒకటి కెట్టుపోతే ఇంకొకటి!"

ఒక జనరేటర్‌ను వదిలించుకోబోతే రెండు మెడకు చుట్టుకున్నాయి. మామ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కానీ తిరిగి ఇచ్చినదాన్ని మళ్ళీ వేలం వేయాల్సిందే. "పాడుకోండి" అన్నాడు, సగం గొంతుతో.

"నాకియ్యి జీవన్నా. నూరు రూపాయలు."

సుబ్బలక్ష్మమ్మ ముందుకు వచ్చి నిలబడింది, భుజాన మనవరాలితో. ముందు నవ్వారు, తర్వాత ఎవరూ నవ్వలేదు. మునీంద్ర ధర పెంచుదామని చెయ్యెత్తాడు.

"మునీంద్రా, నువ్వు పాడొద్దు. కూచో" అంది ఆవిడ.

ఆవిడ వీధిలో ఏ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో మునీంద్రకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. "సరేనమ్మా" అని కూర్చున్నాడు. గుమ్మడికాయను కూడా ఊరికే పోనివ్వని మా సంఘం నోరెత్తలేదు. ఒకరిద్దరు చెయ్యి లేపబోతే భార్యలు తొడపాశం పెట్టడం నేను చూశాను. కోడిపుంజు కోసం కూడా అంతసేపు సాగదీసే మా మామ, "ఒకటోసారి రెండోసారి మూడోసారి" అని ఒక్క ఊపిరిలో అనేసి బల్ల చరిచాడు.

"లక్ష్మమ్మకు!"

"అమ్మా, మాలో కొన్నవాళ్ళు ఇష్టముంటే తిరిగి దేవునికి..." అని కమిటీ పెద్ద ఒకాయన నసిగాడు.

"నేనియ్యనప్పా. మీ దేవుడేం బేజారు చేసుకోడు" అంది సుబ్బలక్ష్మమ్మ.

అందరికంటే గట్టిగా నవ్వింది మా పాస్టరు అయ్యగారే. ఆ నవ్వుల మధ్య మా ఆయన లేచి నిలబడ్డాడు.

"మునీంద్ర సార్, కొత్తది కూడా మాకు వద్దండి. ఇక్కడ ఏ మూల పెట్టినా పొగ ఎవరింట్లోకో పోతుంది. మీరు గెలిస్తే కరెంటు సరిగా వచ్చేట్టు చూడండి, అది చాలు. అందాకా ఈ వేలం డబ్బుతో కప్పు మీద సోలార్ పలక పెట్టుకుంటాం."

"పలక అయితే నేనే ఇప్పిస్తా కదప్పా. దానిమీద నా పేరు రాయండి" అన్నాడు మునీంద్ర, పట్టు వదలకుండా.

"రాస్తే ఆ మేరకు ఎండ పడదు సార్" అన్నారు అయ్యగారు.

మునీంద్ర కూడా నవ్వక తప్పలేదు. మా ఆయన కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. ఎవరినీ నొప్పించని మనిషి నాలుగువందల మంది ముందు ఓట్లడిగే మనిషికి వద్దని చెప్పాడు. పెళ్ళయిన ఇన్నాళ్ళకు ఆయనను చూస్తే నాకు ఒళ్ళు పులకరించింది. ఆ మాట ఆయనకు చెప్పలేదు, మునగచెట్టు ఎక్కుతాడని.

మునీంద్ర గెలిచాడు. కరెంటు ఎప్పటిలాగే పోతూ ఉంది. క్రిస్మస్‌కు ముందే పలక వచ్చింది. మైకుకు చాలింది, రెండు దీపాలకు చాలింది, కీబోర్డుకు చాలలేదు. క్వాయర్ పిల్లలు కొన్నాళ్ళు మొహాలు మాడ్చుకుని, డప్పు పట్టుకున్నారు. ఫ్యాన్లు లేవు కాబట్టి ఆరాధనను పొద్దున్నే చల్లటివేళకు మార్చుకున్నాం. గోడ అవతల కిటికీ తెరిచే ఉండేది. మధ్యలో ఆ బిడ్డ ఏడుపు వినబడితే అయ్యగారు కాసేపు ఆగి, మళ్ళీ మొదలుపెట్టేవారు.

జనరేటర్ సుబ్బలక్ష్మమ్మ పశువుల కొట్టంలో ఒక పక్కన స్థిరపడింది. శుక్రవారం గడపకు పసుపు కుంకుమ పెట్టే చేత్తోనే ఆవిడ దానికీ పెట్టేది. మామ చూస్తే ఏమంటాడోనని నాకు గుబులుగా ఉండేది. ఆయన చూశాడు. "బొట్టు రవంత పైకి పెట్టు లక్ష్మమ్మా, పేరు కనపడల్ల" అన్నాడట. రోజూ సాయంత్రం దాన్ని తుడవాలన్న వంకతో వెళ్ళేవాడు. ఒక్కసారీ స్టార్టు చేసింది లేదు. కొట్టంలో స్టూలు వేసుకుని ఆ ఇద్దరూ పొద్దుపోయేదాకా దీనమ్మ గురించి మాట్లాడుకునేవాళ్ళని మునిలక్ష్మి చెప్పింది.

అవరేకాయలు, అంటే గింజచిక్కుళ్ళు, మార్కెట్లోకి దిగిన రోజులు. వాకిట్లో కూర్చుని ఒలుస్తుంటే మామ వచ్చి నా ఎదురుగా కూలబడ్డాడు. ఆయన నా దగ్గర అలా కూర్చోవడం అదే మొదలు.

"పాపా, మీ యత్తకు మోత అంటే పడదు, తెలుసునా నీకు?"

నాకెలా తెలుస్తుంది? చేతిలో కాయ అలాగే పట్టుకుని చూశాను.

"నేను షాపునుంచి వస్తే వాకిట్లోనే నిలబెట్టేది. మిషన్ల మోత నీ చెవుల్లోంచి కారిపోయినంక లోపలికి రా అనేది. పొగ అన్నా అంతే. నా చుట్ట మాన్పిచ్చింది ఆమెనే. అట్లాంటి మనిషి పేరు తీసకపోయి దేనిమీద రాపిచ్చినానో చూడు!"

నాకు నవ్వాగలేదు. ఆయనకూ ఆగలేదు. నవ్వి నవ్వి తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు, ఒత్తుకున్న చోటనే మళ్ళీ తడి వచ్చింది.

"ఇంకా ఏమేం పడేది కాదు మామా ఆవిడకు?" అన్నాను.

"శానా ఉండాయి" అని ఆయన అవరేకాయలు గుప్పెడు తన ముందుకు లాక్కుని, ఒలుస్తూ మొదలుపెట్టాడు.